బొట్టు దగ్గర ఆగిపోయిన దూది

మా అపార్ట్‌మెంట్ జిమ్ములో గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. ఏ మెషీన్ ఏ రోజు తుడిచారు, దేనికి నూనె రాశారు, ఏది సరిచూశారు అని గళ్ళు గీసి, ప్రతి గడిలో ఒక టిక్కు, చివర ఒక సంతకం. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నడవండి నడవండి అని డాక్టరుగారు తరుముతున్నారు. జూబ్లీహిల్స్ రోడ్ల మీద మనిషన్నవాడు నడిచే వీలెక్కడుంది? అందుకని ఈ మధ్యే నేనూ ఆ గదిలోకి వెళ్ళడం మొదలుపెట్టాను. నడక మెషీన్ బెల్టు మీద నడుస్తూ ఊరికే ఉండలేక ఒకరోజు ఆ కాగితం చదివాను. ఆ రోజు బుధవారం. కాగితంలో శనివారం దాకా టిక్కులు పడిపోయి ఉన్నాయి. శనివారం మెషీన్లు భద్రంగా ఉంటాయని బుధవారమే తేలిపోయిందన్నమాట! నాకు ఒళ్ళు మండింది. ఆ మంట కింద ఇంకొకటి కూడా ఉంది, దాన్ని దాచడం ఎందుకు, అది భయం. బెల్టు ఆపి దిగి సూపర్‌వైజర్ని పిలిచి అడిగితే, "అది ఫార్మాలిటీ మేడమ్, ఆడిట్ వాళ్ళ కోసం" అన్నాడు. నేను అరిచేశాను. సాయంత్రానికల్లా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నా పేరు జిమ్ ఇన్‌స్పెక్టర్ ఆంటీ అయిపోయింది.

నవ్వుకోనీయండి, నాకేం. పైనుంచి కడ్డీ వేలాడే మెషీన్ ఒకటుంటుంది. కింద కూర్చుని, ఆ కడ్డీని రెండు చేతులా పట్టుకుని రొమ్ము దాకా లాగితే, వెనకాల ఇనుప పలకలు కేబులు మీద పైకి లేస్తాయి. ఆ మెషీన్ కింద ఎవరైనా కూర్చుంటే నేను ఆ గదిలో ఉండలేను. బయటికి వచ్చేస్తాను. ఎందుకో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. టీవీ సీరియళ్ళకు మాటలు రాసి బతికేదాన్ని, అత్తాకోడళ్ళకు రోజుకు ఇరవై పేజీల మాటలు పంచిపెడతాను, నాకు కావలసిన నాలుగు మాటలు మాత్రం నోట్లోంచి ఊడిపడలేదు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మేం కృష్ణానగర్‌లో ఉండేవాళ్ళం. సన్నటి సందు, అందులో ఒక పొడుగాటి రేకుల షెడ్డు, పక్కన మెట్లు, పైన మా రెండు గదులు. షెడ్డులో నాన్న జిమ్ము. నాన్న సినిమాల్లో ఫైటరు. భీమవరం పక్క పల్లెనుంచి మద్రాసు పోయి, పరిశ్రమ వెంట హైదరాబాదు వచ్చి, ఒక షూటింగులో మేడ మీదినుంచి దూకి మోకాలు పోగొట్టుకున్నాడు. ఇక దూకడం మానేసి, దూకేవాళ్ళను తయారుచేసే పనిలో పడ్డాడు. మా షెడ్డుకు హీరోలెవరూ వచ్చేవాళ్ళు కాదు. హీరోల బదులు దెబ్బలు తినేవాళ్ళు వచ్చేవాళ్ళు. ఫైటర్లు, డ్యాన్సర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఇవాళ కాకపోతే రేపైనా పిలుస్తారని ఒళ్ళు సిద్ధంగా పెట్టుకునేవాళ్ళు. ఆ ఒళ్ళే వాళ్ళ ఆస్తి కాబట్టి మా మెషీన్ల మీద వాళ్ళకు ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి.

పొద్దున్నే ఆరింటికి షెడ్డు తెరవాలి. అంతకుముందు గంటసేపు శుభ్రం చేసే పని నాదీ అమ్మదీ. అమ్మ వేపాకు వేసి నీళ్ళు కాచి, అందులో నానిన కుంకుడుకాయల రసం పిండేది. ఆ నీళ్ళతో రెగ్జిన్ సీట్లు తుడవాలి. నాన్న పాత లుంగీలు చింపిన గుడ్డలు మూడు ఉండేవి. సీట్లకు ఒకటి, చేత్తో పట్టుకునే పిడులకు ఒకటి, ఉత్త ఇనుముకు పొడిది ఒకటి. ఒకదాని పని ఇంకోదానితో చేశానా, అయిపోయానే! "పదిమంది చెమటే అది! ఒకడి గజ్జి ఇంకొకడికి అంటించిన పాపం మనకెందుకే?" అని అమ్మ మొత్తుకునేది. చెమట తుడిచిన చేతులతో వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు, మెట్ల కిందున్న బాత్‌రూములో తలమీదుగా నీళ్ళు పోసుకుని పైకి రావాల్సిందే. డంబెళ్ళ పిడుల గరుకులో ఇరుక్కున్న మురికిని పాత టూత్‌బ్రష్‌తో గీకేదాన్ని. పలకలు జారే కడ్డీలకు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు, ఎక్కువైతే దుమ్ము పడుతుంది. అంతా అయ్యాక అమ్మ సాంబ్రాణి వేసేది. ఇనుము, చెమట, వేపాకు, సాంబ్రాణి కలిసిన ఆ వాసన నాకు కాలేజీలో కూడా జడలోంచి వస్తుండేది, నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు చిట్లించేది.

నాన్న నాకు స్వయంగా నేర్పిన పని ఒక్కటే, దూది పెట్టి కేబులు చూడటం. చిన్న దూదిపింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కేబులు చుట్టూ మూసి, ఈ కొసనుంచి ఆ కొసదాకా మెల్లగా జరపాలి. "కేబులంటే ఒకటే తీగ కాదే బుజ్జీ. వెంట్రుకల్లాంటివి బోలెడు మెలేసి చేస్తారు. అన్నీ ఒక్కసారి తెగవు. ముందు ఒకటి తెగి లేస్తుంది. అది మన కంటికి ఆనదు, దూదికి దొరుకుతుంది" అన్నాడు. గోడకు మేకుకి ఒక ఎర్రగుడ్డ వేలాడుతుండేది. "దూది చిక్కుకుందా, వెంటనే ఆ గుడ్డ కట్టెయ్. ఎవడొచ్చినా కూర్చోనివ్వకు. నేనొచ్చినా సరే." రోజూ చేయాలి, ఒక్కరోజు కూడా తప్పడానికి వీల్లేదు. మొదట్లో ఎంత శ్రద్ధగా చేసేదాన్నో!

నాన్నంటే నాకు హడలు. కొట్టేవాడు కాదు, ఆ మాట అబద్ధం ఆడను. తప్పు దొరికితే ఆయన గొంతు తగ్గిపోయేది. దగ్గరికొచ్చి, కళ్ళలోకి చూస్తూ, "ఎన్నాళ్ళనించి?" అని అడిగేవాడు. బోల్టు వదులైందనుకోండి, నూనె రాయలేదనుకోండి, అదే ప్రశ్న. ఈ ఒక్కరోజు మర్చిపోతే ఆయన క్షమించేవాడు. చాలా రోజులుగా తెలిసీ ఊరుకున్నవాడిని మాత్రం షెడ్డులోంచి పొమ్మనేవాడు, రెండోమాట ఉండేది కాదు. బస్కీలు తీసి కండలు పెంచిన మగవాళ్ళు ఆ ప్రశ్నకు నీళ్ళు నమలడం నా కళ్ళతో చూశాను.

దసరాకు ఆయుధపూజ మా షెడ్డులో పెద్ద పండగ. ఆ రోజు ఎవరూ బరువెత్తకూడదు. మెషీన్లన్నీ కడిగి, తుడిచి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టేవాళ్ళం. అమ్మ పసుపు చిక్కగా కలిపి, ప్రతి మెషీనుకీ ముడి ఉన్నచోటల్లా ముద్దగా అద్ది, మధ్యలో కుంకుమ పెట్టేది. కేబులు కొసన కడ్డీ తగిలించే కొక్కెం ఉంటుంది, దానిపైన ఒక బిగింపు. అక్కడ ఇంకాస్త మందంగా అద్దేది, బరువంతా దాని మీదే కదా అని. ఆ బొట్టు మనం తుడవకూడదు. దానంతటది రాలిపోవాలి. ఈ నియమం అమ్మది, దానికి నాన్న కూడా ఎదురుచెప్పేవాడు కాదు, దూకేవాళ్ళకు దేవుడితో పని ఎక్కువ. కాబట్టి మర్నాటినుంచి నా దూది బొట్టుకు నాలుగువేళ్ళ ఇవతలే ఆగిపోయేది. మొదటిరోజు భక్తితో ఆపాను. తర్వాత అలవాటైపోయింది. దసరా వెళ్ళి, దీపావళి వెళ్ళి, కార్తీకం కూడా సగం గడిచింది. ఆ పసుపుముద్ద రోజూ చెమట చేతుల తడి పీలుస్తూ అక్కడే ఉంది, నేను రోజూ దాని ముందు ఆగి వెనక్కి వస్తూనే ఉన్నాను.

ఆ పొద్దున నాన్న ఫిల్మ్‌నగర్‌లో ఫైట్ మాస్టరును కలవాలని తెల్లవారకముందే వెళ్ళిపోయాడు, తొమ్మిదింటికి గానీ రాడు. నేను స్టూలెక్కి దూది జరుపుతున్నాను. ఎండిన పసుపు పెళ్ళ ఒకటి రాలి నా చెంప మీద పడింది. ఉలిక్కిపడి చెయ్యి కాస్త ముందుకు పోయింది. దూది ఆగింది. లాగితే రాలేదు. గోటితో ఆ పసుపును కొంచెం గీకాను. కింద తుప్పు, ఎండిన రక్తంలాంటి రంగు. ఆ తుప్పులో మూడు సన్నటి తీగలు విరిగి నిక్కబొడుచుకుని ఉన్నాయి.

స్టూలు దిగి ఎర్రగుడ్డ చేతిలోకి తీసుకున్నాను. తీసుకున్నాను, అది నిజం. కట్టబోయేముందు చెవిలో నాన్న గొంతు వినబడింది. ఎన్నాళ్ళనించి? ఒక్కరోజులో మూడు తీగలు తెగవు, ఒక్కరోజులో అంత తుప్పు పట్టదు, అది నాన్నకు తెలుసు. దసరానుంచి అని చెప్పాలి. రోజూ "చూశావా?" అని అడిగితే రోజూ "చూశాను నాన్నా" అన్నదాన్ని. గుడ్డను మళ్ళీ మేకుకి తగిలించేశాను. నాన్న వచ్చేలోపు ఏదో ఒకటి ఆలోచిద్దాం, అప్పటిదాకా ఎవరూ కూర్చోకుండా చూస్తే చాలు అనుకుని, కుంకుడు నీళ్ళ బకెట్ తెచ్చి ఆ సీటు మీద పెట్టాను.

ఆరైంది, జనం వచ్చారు. ఒక డ్యాన్సరు బకెట్ చూసి పక్కకు పోయాడు. ఇంకొకతను "తడిగా ఉందా?" అని అడిగి వెళ్ళిపోయాడు. పైనుంచి అమ్మ, "ఏవే, కాలేజీకి టైమవడంలా?" అని కేకేస్తోంది. నేను కదల్లేదు. ఎవరు ఆ వైపు అడుగేసినా బకెట్ పిడి పట్టుకునేదాన్ని. గోడ గడియారంలో ముల్లు నడుస్తోందో లేదో తెలియలేదు.

అప్పుడు యాదగిరన్న వచ్చాడు. మా షెడ్డుకు అందరికంటే పాతవాడు, జనగామ వైపు మనిషి, హీరోలకు డూపు. పదేళ్ళుగా తెర మీద అతని వీపే కనబడేది. కిందపడితే ఎత్తు మీదినుంచి, మొహం నేలకేసి. ఆ వారమే మొదటిసారి మొహం కనబడే వేషం దొరికింది. డ్రైవరు వేషం. "అయ్యగారూ, బండి సిద్ధంగా ఉందండీ" అని ఒక మాట కూడా ఉంది. ఆ మాట పలకడం నాచేత దిద్దించుకుంటూ నాలుగు రోజులనుంచి నా ప్రాణం తీస్తున్నాడు.

"ఏం చెల్లె, పొద్దుగాల్నే గట్ల మొఖం ఏలాడేసినవ్? పరీచ్చల ఫెయిలైనవా ఏంది?" అన్నాడు.

"ఏం లేదన్నా."

"ఎల్లుండే షూటింగు. అయ్యగారూ, బండి సిద్ధంగా ఉందండీ. మంచిగున్నదా?"

"బాగుంది."

"బకెట్ జర తియ్యరాదు."

"తడిగా ఉందన్నా, ఇంకో మెషీన్ చెయ్యి."

అతను సీటు అంచున అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. "పొడిగనే ఉంది గద. ఏంది, నాతోని ఆటలా?" అని నవ్వాడు. అక్కడున్న ఇద్దరు ముగ్గురు మా వైపు తిరిగారు. వాళ్ళు చూస్తుంటే నాకు ఇంకా భయమేసింది, అంతా నా మొహంలోనే రాసి ఉన్నట్టు. బకెట్ తీశాను. అతను తీయలేదు, నేనే తీశాను. ఇన్నేళ్ళలో దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి రాసుకుందామన్నా ఆ బకెట్ పిడి నా చేతిలోనే ఉంటుంది.

అతను కూర్చుని ఒకసారి తల పైకెత్తి, కడ్డీ పట్టుకున్నాడు. లాగాడు. ఒకటి. పలకలు లేచి దిగాయి. రెండు. నేను గోడకు ఆనుకుని నిలబడి లెక్కపెడుతున్నాను. దేవుడా దేవుడా, పది అయితే చాలు, పది అయ్యాక లేస్తాడు. పది అయ్యాయి, లేచాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. హమ్మయ్య అనుకుంటుండగానే వెనక్కి వంగి ఇంకో రెండు పలకలు కలిపి మళ్ళీ కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను. నోరు తెరిచాను. నిజంగా తెరిచాను, తెరిచి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆరోసారి కడ్డీ నుదుటి దాకా వచ్చినప్పుడు ఠప్పుమని చప్పుడైంది. వెనకాల పలకలన్నీ ఒక్కసారిగా పడి షెడ్డు రేకులు అదిరాయి. యాదగిరన్న కింద కూర్చుని నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఉన్నాడు. వేళ్ళ మధ్యనుంచి రక్తం కారుతోంది. ముందు పళ్ళు రెండు నా కాళ్ళ దగ్గరికొచ్చి పడ్డాయి.

ఆసుపత్రిలో పై పెదవికి కుట్లు వేశారు. డ్రైవరు వేషం ఇంకొకరికి పోయింది. నాన్న తొమ్మిదింటికి వచ్చి, తెగిన కొస చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. పసుపు, తుప్పు, తీగలు, అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. నేను మెట్ల మీద కూర్చుని ఆ ప్రశ్న కోసం ఎదురుచూశాను. నాన్న నా వైపు రాలేదు. యాదగిరన్న మంచం దగ్గరకెళ్ళి, "నాదే తప్పురా, నేను చూసుకోవాల్సింది" అని అందరి ముందూ చెప్పాడు. ఆ మధ్యాహ్నమే షెడ్డులోని కేబుళ్ళన్నీ కోసి పారేశాడు. మరుసటి దసరాకు అమ్మ బొట్లు మెషీన్లకు పెట్టలేదు, గోడకు పెట్టింది. నాన్న నన్నెప్పుడూ అడగలేదు. అడగకపోతే భయం తగ్గుతుందనుకుంటాం కదూ, తగ్గదు. పెళ్ళై వెళ్ళిపోయాక కూడా ఆయన "బుజ్జీ" అని పిలిస్తే, ఇవాళ అడుగుతాడు అనే అనుకునేదాన్ని. ఆయన పోయిన రోజున ఏడుస్తూనే, ఇక అడిగేవాళ్ళు లేరని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. అంతకన్నా సిగ్గుపడాల్సిన క్షణం నా బతుకులో లేదు.

ఇప్పటి మెషీన్లు మంచివే, కాదనను. కేబులుకు నల్లటి ప్లాస్టిక్ తొడుగు, నున్నగా, లోపల ఏం జరుగుతోందో దూదికి కూడా దొరకదు. స్ప్రే సీసాలు, కాగితపు తువ్వాళ్ళు, ఏసీ. మా షెడ్డులో పక్కవాడి చెమట ఎవరిదో పేరుతో సహా తెలిసేది, ఇక్కడ పక్క ఫ్లాటు వాళ్ళ పేరే తెలియదు. కానీ ఆ టిక్కుల కాగితం చూసినప్పుడు నాకు ఆ సూపర్‌వైజర్ మీద వచ్చిన కోపమంతా నా మీదేనని ఇంటికొచ్చాక తెలిసింది. చూడకుండా చూశాను అనడం నాకు కొత్తా? రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు ఆటో ఎక్కి కృష్ణానగర్ వెళ్ళాను.

యాదగిరన్న ఇప్పుడు ఫైటర్లు దూకే పరుపులు కుట్టి షూటింగులకు కిరాయికి ఇస్తాడు. జుట్టంతా తెల్లబడింది. పెట్టుడు పళ్ళు, పెదవి మీద మచ్చ అలాగే ఉంది. దాన్ని చూడలేక కింద పరిచిన పరుపు వైపు చూస్తూ మొత్తం చెప్పేశాను. దసరా, దూది, ఎర్రగుడ్డ, బకెట్. తిడతాడేమో, కొడతాడేమో, కొట్టినా బాగుండుననుకున్నాను. అతను సూది పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"గిన్నేండ్లు గిదే మోస్తున్నవా చెల్లె?" అన్నాడు. "ఊకో. నీదొక్కదానిదే తప్పు గాదు. ఆ తీగలు లేసినయని నేను గూడ సూసిన."

తలెత్తాను. "చూశావా?"

"సూడనా మరి? కూసునే ముందు ఒకపారి పైకి సూసుడు మాకు అలవాటే గద. సన్నగ మెరుస్తుండె."

"మరి ఎందుకు కూర్చున్నావన్నా?"

చాయ్ గ్లాసు నా వైపు జరుపుతూ, నన్ను ఊరడించడానికే, ఎంతో ప్రేమగా చెప్పాడు.

"నువ్వు బకెట్ తీసినవ్ గద. మా చెల్లె సూడకుంట తియ్యదనుకున్న."